ఖర్జూరపాకుకి ఐదు ముడులు

అబద్ధం ఆడకుండా నర్సు ఉద్యోగం చేసినవాళ్ళెవరైనా ఉంటే చూపించండి, వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడతాను. సూది గుచ్చకముందే "అయిపోయింది, అయిపోయింది" అంటాం. కట్టు విప్పి లోపల చీము చూస్తూనే "అబ్బే, మానిపోతోంది" అంటాం. ఈ విద్య నాకు నేర్పింది మా జిల్లాలోని మిషన్ ఆసుపత్రి. సౌదీలో ఈ జిజాన్ వచ్చి పన్నెండేళ్ళయింది, అదే మాట అరబ్బీలోనూ పట్టుబడింది. ఖలాస్ బాబా, ఖలాస్ అంటే ఎంత మొండి ముసలాయనైనా చెయ్యి చాపుతాడు. ఇన్నేళ్ళలో ఈ అబద్ధాల వల్ల ఎవరికీ చెడు జరగలేదని ధీమాగా ఉండేదాన్ని. ఒక మనిషికి జరిగింది. అది చెప్పుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

అతన్ని పోర్టు నుంచి అంబులెన్సులో తెచ్చారు. నల్లగా, ఎత్తుగా, నెరిసిన ఉంగరాల జుట్టుతో ఉంటే సూడాన్ మనిషి అనుకుని మా వాళ్ళంతా అరబ్బీ మొదలుపెట్టారు. అతను నవ్వి, నెమ్మదిగా ఇంగ్లీషులో తనది పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవి అని చెప్పాడు. ఎక్కడో చూపించమని ఫోనిస్తే, నీలం తప్ప ఇంకేమీ లేని చోట వేలు పెట్టాడు. ఓడ ఇంజను రూములో పనిచేసేవాడు. పొట్ట నీళ్ళతో కుండలా ఉబ్బింది. స్కానింగులో కాలేయం నిండా గడ్డలు కనిపించాయి. ఓడ రెండు రోజులు ఆగి వెళ్ళిపోయింది. ఎవరికోసమూ ఆగదు కదా ఓడ. అతని దగ్గర మిగిలింది ఒక గుడ్డసంచీ, ఒక ఫోను. పాస్‌పోర్టు పోర్టు ఏజెంటు దగ్గరే ఉండిపోయింది.

మా వార్డు డాక్టరు సూడాన్ ఆయన, దాపరికం ఎరగడు. నెలలు లేవు, వారాలే అని అతని చెయ్యి పట్టుకుని చెప్పేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మనిషి ఏడవలేదు. అయితే ఇంటికి పంపండి అన్నాడు. వాళ్ళ దీవిలో సముద్రం ఒడ్డున చర్చి, దాని పక్కనే వాళ్ళ నాన్న సమాధి. అక్కడ పడుకోవాలి, అంతే. దానికి డాక్టరు, పొట్టలో నీళ్ళు తీస్తే ఓ వారం తేలిగ్గా ఉంటుంది, ఆ వారంలోనే విమానం ఎక్కించాలి, మళ్ళీ నీళ్ళు చేరితే ఎక్కించడం కుదరదు అన్నాడు. అందుకని ముందు కాగితాలు తయారు కానిద్దాం, తర్వాతే నీళ్ళు తీద్దాం అనుకున్నాం.

అతనితో నాకు చనువు ఎలా కుదిరిందో చెప్పాలి. మగ్రిబ్ అజాన్ వినిపించగానే మా వార్డులో లేవగలిగినవాళ్ళు లేచి, లేవలేనివాళ్ళు మంచం మీదే నమాజు చేసుకుంటారు. ఆ పది నిమిషాలు నేను మందుల బండి కదపను. ఒక సాయంత్రం ఆ సమయంలోనే అతను కూడా కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంటున్నాడు. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఎక్కడెక్కడ ఆగుతున్నాడో అర్థమైంది. అయ్యగారు ఒక మాట చెప్పి ఆగితే సంఘమంతా జవాబు చెప్పే చోట్లు అవి. అతను ఆగేవాడు, జవాబు చెప్పేవాళ్ళు లేక తనే చెప్పుకునేవాడు. మూడోసారి ఆగినప్పుడు నా పెదాలు వాటంతట అవే తెలుగులో కదిలాయి. అది సాయంకాల ప్రార్థన. మా నాయనమ్మకి చదువు రాకపోయినా మొత్తం నోటికి వచ్చేది. అతను కళ్ళు తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకుని, తర్వాతి మాట చెప్పి ఆగాడు. నేను జవాబు చెప్పాను. నా డ్యూటీ ఉన్న ప్రతి సాయంత్రం ఇక అదే వరస, అతను వాళ్ళ భాషలో, నేను మా భాషలో, పక్క మంచానికి కూడా వినపడనంత మెల్లగా.

మాది ఇంగ్లండు మిషన్ వాళ్ళు పెట్టిన ఆంగ్లికన్ సంఘం. మా తాతమ్మకి ఒక దొరసాని పుండు మీద బొబ్బాసాకు కట్టిందని ఇంట్లో కథలుగా చెప్పుకునేవాళ్ళు. ఆ దొరలు మా కోసమే ఓడెక్కి వచ్చారనుకునేదాన్ని నేను. మా కాలవగట్టు మీద తాటాకు పాకలో బడి పెట్టడం తప్ప లోకంలో వాళ్ళకి వేరే పనే లేనట్టు. వాళ్ళు ఇతని దీవులకీ వెళ్ళారని ఇతను చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. వాళ్ళ దీవుల్లో ఒక్కోదానిది ఒక్కో భాషట. కొండకి ఇటువాళ్ళ మాట అటువాళ్ళకి తెలియదట. దొరల్ని తెచ్చి దీవికొకరిని దింపుదామంటే మలేరియాకి ఆగేవాళ్ళు కాదు. అందుకని మిషన్ బిషప్పు ఓడలో దీవి దీవికీ తిరిగి, తల్లిదండ్రుల్ని ఒప్పించి, కుర్రాళ్ళని చాలా దూరంలో దక్షిణాన ఉన్న ఇంకో దీవిలోని బడికి తీసుకెళ్ళేవాడు. అందరికీ కలిపి ఏదో ఒక చిన్న దీవి భాషలోనే చదువు చెప్పి, ప్రార్థన పుస్తకం కూడా ఆ భాషలోనే అచ్చువేసి, చదువుకున్నవాళ్ళని తిరిగి వాళ్ళ దీవుల్లో దింపేవారు. ఆ తర్వాత బడిపంతుళ్ళూ అయ్యగార్లూ వాళ్ళే. ఇతని ముత్తాత అలా ఓడెక్కినవాడే. ఇతను సాయంత్రాలు చెప్పుకునే ప్రార్థన ఆ భాషలోదే. బడి ఎప్పుడో మూతబడింది, ఆ ప్రార్థన మాత్రం వాళ్ళ ఇంట్లో మిగిలింది.

ఎలా పంపించారయ్యా పిల్లల్ని, ముక్కూ మొహం తెలియని తెల్లవాడితో, అని అడిగాను. తాటాకులాంటి ఆకు చూసి పంపించారన్నాడు. వాళ్ళలో ఎవరైనా ఫలానా రోజుకి వస్తానని మాటిస్తే, రెండు ఆకులు తీసుకుని ఎన్ని రోజులో అన్ని ముడులు వేసి, ఇచ్చినవాడు ఒకటి, పుచ్చుకున్నవాడు ఒకటి ఉంచుకుంటారట. రోజుకో ముడి విప్పుతారు. ఆఖరి ముడి విప్పిన రోజు ఆ మనిషి రావాలి. ఇతని ముత్తాత తల్లి బిషప్పుతో ఇన్ని పున్నములకి తెస్తావా అని ముడులేసి ఒక ఆకు అతని చేతిలో పెట్టింది. ఆఖరి ముడి విప్పిన పున్నమికి ఓడ వచ్చి నిలబడింది, లోపల కొడుకు ఉన్నాడు. "మా వాళ్ళు పుస్తకం చూసి నమ్మలేదు సిస్టర్. ముడి తప్పలేదని నమ్మారు" అన్నాడు. నేను తలూపి అతని బీపీ రాసుకున్నాను. వింటూనే ఉన్నాను, కానీ బుర్రకి ఎక్కితేగా.

ఇంకో కథ కూడా చెప్పాడు. ఆ రోజుల్లోనే చెరకుతోటలకి కూలీల్ని పట్టుకెళ్ళే ఓడలు తిరిగేవి. మామూలుగా వస్తే ఎవరూ దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. అందుకని కొందరు తమ ఓడని మిషన్ ఓడలా తయారుచేసి, ఒకడికి నల్లకోటు తొడిగి, చేతిలో పుస్తకం పెట్టి నిలబెట్టేవారట. జనం బిషప్పుగారొచ్చారని పడవలేసుకుని ఎదురెళ్ళేవారు, పట్టి లోపల పడేసేవారు. అలా ఒక దీవి నుంచి ఐదుగుర్ని పట్టుకుపోయారు. ఆ తర్వాత నిజం బిషప్పు, పాపం ఏమీ తెలియక, ఆ దీవిలో దిగాడు. చంపేశారు. శవాన్ని చాపలో చుట్టి, పడవలో పడుకోబెట్టి, అతని ఓడకి ఎదురుగా వదిలారు. గుండెల మీద ఒక ఆకు పెట్టి ఉంది, దానికి ఐదు ముడులు. మాకు ఐదుగురు రావాలి అని దాని అర్థమట.

నాకు మా ఊరి సంగతి గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మా చర్చికి తెల్ల చొక్కా, చంకలో బైబిలు పెట్టుకుని ఒకడు వచ్చేవాడు. సాక్ష్యం చెప్పి అందర్నీ ఏడిపించేవాడు. అయ్యగారి పక్కన కూర్చుని భోంచేసేవాడు. ఆసుపత్రిలో ఆయా పని అని చెప్పి మా పేటలో ఏడుగురు ఆడవాళ్ళని సౌదీ పంపించాడు. తీరా దిగాక ఏ ఆసుపత్రీ లేదు, ఇళ్ళల్లో పాచిపని. వాళ్ళలో ఒకతె మా పిన్ని కూతురు. రెండేళ్ళ పాటు దాని గొంతే వినలేదు మేము. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా. ఇదంతా చెబితే అతను "మీ దగ్గర కూడా ఓడకి మిషన్ రంగు వేశారన్నమాట" అన్నాడు. నేను కాదులెండి అలాంటిదాన్ని అన్నట్టు నవ్వాను.

ఇక కాగితాల సంగతి. కింద ఆఫీసులో పేషెంట్ల వ్యవహారాలు చూసే భాయ్ హైదరాబాదు మనిషి. మంచివాడే, కానీ ఏం లాభం. పాస్‌పోర్టు ఏజెంటు ఇవ్వాలి, టికెట్ ఓడ కంపెనీ పెట్టుకోవాలి, దేశం దాటే ఎగ్జిట్ ముద్ర పడాలంటే రెండూ ముందుండాలి. కంపెనీని అడిగితే ఏజెంటునడగండి అంటుంది, ఏజెంటు ఫోనెత్తడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, డాక్టరు సంతకం పెట్టి మూడు వారాలైనా కాగితం కదలదు. రోజూ డ్యూటీ దిగి కింద కూర్చునేదాన్ని. నా నోటికి భయపడి భాయ్ ముందే టీ తెప్పించేవాడు. ఒక గురువారం గట్టిగా తగులుకున్నాను.

"సిస్టర్, నేను గూడ రోజుకు పదిసార్లు కొడుతున్న ఫోను. వాడు ఎత్తుత లేడు. వచ్చే వారంల అయితదేమో, ఇన్‌షా అల్లా. గ్యారంటీ అయితె నేనియ్యలేను" అన్నాడు.

శనివారం నాటికి అతనికి ఊపిరి అందడం లేదు. ఇక కాగితాల కోసం ఆగేది లేదని డాక్టరు నీళ్ళు తీసేశాడు. సాయంత్రానికి మనిషి తేటపడ్డాడు. నాలుగు ముద్దలు అన్నం తిన్నాడు. నా మొహంలోకి చూసి, ఎప్పుడు అని అడిగాడు. నేను మంచం మీది దుప్పటి మారుస్తున్నాను. వచ్చే వారం కావచ్చట, గ్యారంటీ లేదట అని చెబితే ఏం పోయేది? అలవాటైన నోరు కదా. "ఐదు రోజులు. గురువారం. టికెట్ కూడా వచ్చేసింది" అన్నాను. ఖలాస్ బాబా అన్నంత తేలిగ్గా అనేశాను.

అతను ఖర్జూరపాకులు రెండు తెచ్చిపెడతావా అని అడిగాడు. గేటు దగ్గర చెట్లకి ఆ రోజే మట్టలు కొట్టి పడేశారు, రెండు ఆకులు తుంచి తెచ్చాను. మట్టల ఆదివారానికి మేం ఆకుతో సిలువ మడుస్తాం, అదే కాబోలనుకుని సంబరంగా మడవబోయాను. నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. ఒక్కో ఆకుకీ ఐదేసి ముడులు వేశాడు. ఒకటి తన దిండు కింద పెట్టుకుని రెండోది నాకిచ్చాడు. అప్పటికైనా నాకు గుండె ఆగాలి. అబ్బే. కోటు జేబులో కత్తెర పక్కన పెట్టుకుని మందులివ్వడానికి పోయాను. మూడు వారాలు నాకు చెప్పిన కథ నా చేతిలోకే వస్తే గుర్తుపట్టలేదు.

ఆదివారం డ్యూటీకి వచ్చేసరికి అతని ఆకుకి నాలుగే ముడులున్నాయి. నీది విప్పావా అని అడిగాడు. విప్పానన్నాను. జేబులో చెయ్యి కూడా పెట్టలేదు. సోమవారం అడిగాడు, విప్పానన్నాను. మంగళవారం కూడా అంతే. ఆ మూడు రోజులూ నేను ఖాళీగా కూర్చోలేదు, అది మాత్రం నిజం. భాయ్‌ని వెంటబెట్టుకుని పోర్టుకి వెళ్ళాను. ఏజెంటు ఆఫీసుకి తాళం వేసి ఉంది. పక్క గదిలో బంగ్లాదేశీ అతన్ని హిందీలో బతిమాలితే వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, జెద్దా వెళ్ళాడన్నాడు, ఇంకో నంబరిచ్చాడు. ఆ నంబరు ఎత్తినాయన వినయంగా బుక్రా అన్నాడు. రేపు అని అర్థం. మర్నాడు చేసినా బుక్రానే. కాళ్ళు అరిగిపోయాయి తప్ప ఒక్క అంగుళం ముందుకు జరగలేదు. బుధవారం అతని పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే బిగుతు మొదలైంది. డాక్టరు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

గురువారం పొద్దున్నే గడ్డం గీయమన్నాడు. గీశాను. సంచీలోంచి తెల్ల చొక్కా తీసి తొడగమన్నాడు. పొట్ట దగ్గర బొత్తాలు పట్టలేదు. మంచం అంచున కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, వార్డు తలుపు వైపు చూస్తూ ఉన్నాడు. పడుకోండి, కాళ్ళు వాస్తాయి అంటే వినలేదు. మధ్యాహ్నం భోజనం వద్దన్నాడు. పక్క మంచం పెద్దాయన భార్య, ఇక్కడి ఆడవాళ్ళ అలవాటు ప్రకారం తలలో మల్లెపూలు చుట్టుకున్న ముసలమ్మ, జాలిపడి మామిడిపండు కోసి ఇచ్చింది. అది కూడా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. నేను అటు వెళ్ళకుండా తప్పించుకు తిరిగాను. చెబుతున్నాను కదా, ముప్పై మంది రోగుల్ని అరిచి అదుపులో పెట్టే నేను, ఒక మనిషికి మొహం చూపించలేక మందుల గదిలో నిలబడ్డాను. మగ్రిబ్ అజాన్ అయ్యాక ఇక తప్పక వెళ్ళాను.

"టికెట్ రాలేదు. అసలు రాలేదు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఐదు అని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అన్నాను."

అతను కోప్పడితే బాగుండేది. నీ ఆకు ఏదీ అన్నాడు. జేబులోంచి తీశాను. కత్తెర పక్కన నలిగి, సగం ఎండి, ఐదు ముడులతో అలాగే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ పడవ, ఆ చాప, ఆ ఐదు ముడులు. సిగ్గుతో చచ్చిపోయాను. అతను ఒక్కో ముడినీ వేలితో తడిమి లెక్కపెట్టి, ఆకు తిరిగి నా చేతిలోనే పెట్టాడు. "నీది ఇంకా మొదలే కాలేదు" అన్నాడు. తర్వాత చొక్కా విప్పమని చేతులు పైకెత్తాడు.

ఆదివారం భాయ్ మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చాడు, లిఫ్టు కోసం కూడా ఆగకుండా. పాస్‌పోర్టు, ఎగ్జిట్, టికెట్, మూడూ అతని చేతిలో ఉన్నాయి. మొహం వెలిగిపోతోంది. డాక్టరు కాగితాలు తిరగేసి, మంచం దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి, ఎక్కించను అన్నాడు. మళ్ళీ నీళ్ళు తీయమని గొడవపడ్డాను. తీస్తే బీపీ పడిపోయి ఇక్కడే పోతాడు అన్నాడు. ఆయన చెప్పింది నిజమే, నాకూ తెలుసు. భాయ్ నర్సుల కుర్చీలో కూలబడి ఆ కాగితాలు తిప్పి తిప్పి చూసుకున్నాడు. అతనికి ఆ కబురు నేనే చెప్పాను, ఈసారి ఉన్నదున్నట్టు. విని, థాంక్యూ సిస్టర్ అన్నాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులున్నాడు. సాయంత్రాలు ప్రార్థన మానలేదు. నేనూ ఎప్పటిలాగే మంచం పక్కన నిలబడేదాన్ని. కానీ అతను ఇదివరకులా ఆగడం మానేశాడు. తన మాట తను చెప్పి, జవాబు కూడా తనే చెప్పుకుని, ఎక్కడా సందు ఇవ్వకుండా ముగించేవాడు. కావాలని చేశాడో, ఊపిరి చాలక తొందరపడ్డాడో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, అన్నం ట్రేలు తీస్తుండగా పోయాడు. దిండు కింద అతని ఆకు దొరికింది. దాని మీద ఒక్క ముడి మిగిలి ఉంది. గురువారం విప్పాల్సింది.

ఆ ఆకు అతని గుండెల మీద పెట్టి గుడ్డ చుట్టాను. మార్చురీ దగ్గర గుడ్డ విప్పి చూసినతను, శవంతో ఏదీ ఉండకూడదు సిస్టర్, రూలు అని హిందీలో చెప్పి, మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు. అతనితో ఏమని వాదించను? ఇప్పుడు రెండు ఆకులూ నా దగ్గరే ఉన్నాయి. బతికున్న మనిషికి వేసిన ఎగ్జిట్ ముద్ర శవానికి పనికిరాదట, మళ్ళీ మొదటి నుంచి వేరే కాగితాలు. భాయ్ మళ్ళీ ఏజెంటుకి ఫోన్లు మొదలుపెట్టాడు.

మూడో రోజు అతని ఫోను మోగింది. వాళ్ళ చెల్లెలు. పోయిన సంగతి ముందే చెప్పాను, ఏడుపులు అయిపోయాయి. ఈసారి గొంతు తేరుకుని, గట్టిగా ఉంది. నాన్న పక్కనే గొయ్యి తవ్వడానికి చోటు చూశామంది. ఇంటిల్లిపాదీ కూర్చున్నాం, చేతిలో ఆకు ఉంది, అన్నయ్య ఎన్ని రోజుల్లో వస్తాడో చెప్పండి సిస్టర్ అంది. పది అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పది అంటే ఆమెకి ఎంత ఊరటో నాకు తెలుసు. జేబులో చెయ్యి పెట్టుకున్నాను, ఆకు ఎండి గీసుకుంది.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

అవతల కోడి ఒకటి కూసింది.

"అయితే ముడులు వేయం" అంది.